ఆలస్యముగా అక్షరములు నేర్చిన బాలుడు: ఉడ్రో విల్సన్ జీవితము

వ్యాసముల కాగితములు దిద్దునప్పుడు ప్రతి యుపాధ్యాయునికిని ఒక వింత యెదురగును. తరగతిలో నోరార మాటలాడు బాలుడు, తాను చూచిన తిరునాళ్లనుగూర్చియో, వరదనుగూర్చియో అరగంటసేపు తడబడక చెప్పగల బాలుడు, కాగితము చేతికీయగానే మూడు పంక్తులు వ్రాసి కలము క్రింద బెట్టును. ఆ మూడు పంక్తులలోనే అక్షరములు తారుమారగును. ముందు చెప్పవలసినది వెనుకకును, వెనుక చెప్పవలసినది ముందునకును పోవును. అట్టివానిని సోమరి యనుట సులభము. మేమును చాలకాలము అట్లే యనుచుంటిమి.

పూర్వము మేము పనిచేసిన యొక పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలుడొకడుండెను. తుపాను రాత్రి తన యింటివారు ఎట్లు తలదాచుకొనిరో అతడు చెప్పుచుండగా తరగతి యంతయు ఊపిరి బిగబట్టి వినెను. మఱునాడు ఆ సంగతినే వ్రాయుమంటిమి. అతడు వ్రాసినవి నాలుగు వాక్యములు. అందు మూడు మాకర్థము కాలేదు. ఎఱ్ఱసిరాతో సున్న చుట్టి, ప్రోగ్రెసు రిపోర్టులో అశ్రద్ధ అని వ్రాసితిమి. ఆ సంవత్సరాంతమున అతడు చదువు మానివేసెను. ఆ యశ్రద్ధ మాదియే యని తెలిసికొనుటకు మాకు పెక్కేండ్లు పట్టెను.

ఇట్టి పిల్లలలో ననేకుల కష్టమునకు నేడు డిస్లెక్సియా అను పేరు గలదు. అది బుద్ధిమాంద్యము కాదు. అక్షరమును దాని ధ్వనితో జతపరచుట, మాటను చూచినవెంటనే గుర్తించుట, తప్పులేక వ్రాయుట అను పనులు వారికి మిక్కిలి ప్రయాసమగును. చేయి అక్షరముతో పెనుగులాడుచుండగా తలలోని తలపుల వరుస చెదరిపోవును. కావున వారికి కావలసినది బెత్తము కాదు. తలపులను ముందుగా వరుస బెట్టుకొనుటకు ఒక యుపాయము. ఆ యుపాయమును బడిలో గాక యింటిలో, తన తండ్రివలన నేర్చుకొని, లోకమున పెద్దపేరు గాంచిన యొకని జీవితమును ఈ సంచికలో మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపదలచితిమి. ఆయనయే అమెరికా సంయుక్త రాష్ట్రముల 28వ అధ్యక్షుడైన ఉడ్రో విల్సన్.

విల్సన్ 1856వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన వర్జీనియా రాష్ట్రమందలి స్టాంటన్ పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు తామస్ ఉడ్రో విల్సన్. ఇంటివారు టామీ యని పిలిచెడివారు. తండ్రి జోసెఫ్ రగిల్స్ విల్సన్ ప్రెస్బిటీరియను సంఘ బోధకుడు, మంచి వక్త. తల్లి జెస్సీ ఉడ్రో ఇంగ్లండులో పుట్టినది; ఆమె తండ్రియు బోధకుడే. టామీకి ఇద్దరక్కలు; తమ్ముడు చాల ఆలస్యముగా పుట్టెను. బాలుడు శిశువుగా నుండగనే తండ్రికి జార్జియా రాష్ట్రమందలి ఆగస్టా పట్టణములో ఉద్యోగమగుటచే కుటుంబము అచ్చటికి తరలెను.

ఆగస్టాలో వారి కాపురమునకు నెమ్మది లేకపోయెను. 1860లో అబ్రహాము లింకను అధ్యక్షుడుగా నెన్నుకోబడెను. 1861లో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు యుద్ధమారంభమాయెను. తండ్రి బోధించు దేవాలయమే గాయపడిన సైనికులకు ఆసుపత్రి యాయెను. దాని యావరణమున యుద్ధఖైదీలనుంచిరి. నాలుగేండ్లు సాగిన యా యుద్ధకాలమున బడులు సరిగా జరుగలేదు. ఇది యొక కారణమగుగాక. కాని యుద్ధము ముగిసిన తరువాతను టామీకి చదువు రాలేదు. తొమ్మిదేండ్లు వచ్చువరకును అతనికి అక్షరములు పట్టుబడలేదు. పదునొకండు, పండ్రెండేండ్ల ప్రాయమునగాని తడుముకొనక చదువజాలడయ్యెను. విద్యావంతుల యింట, పుస్తకముల నడుమ పుట్టిన బాలుడట్లుండుట చూచువారికి మందబుద్ధిగా తోచుటలో వింత లేదు. పెద్దవాడై, గ్రంథకర్తయై, కళాశాలాధ్యక్షుడైన తరువాతను ఆయన చదువు మెల్లగనే సాగెడిది.

ఇది డిస్లెక్సియాయే యని కొందఱు వైద్యులును చరిత్రకారులును అభిప్రాయపడిరి. యుద్ధముచే చదువు చెడుట, కన్నుల బలహీనత, ఇంటివారే చదివి వినిపించుచుండుటచే తానై చదువవలసిన యవసరము లేకపోవుట కారణములని మఱికొందఱు చెప్పిరి. గతించినవానిని పరీక్షింప నెవరికిని వీలులేదు గనుక మేము తీర్పు చెప్పము. ఆ కాలమున ఇట్టి కష్టమునకు పేరే లేదు. ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు, తెలివిగలవాడై యుండియు చదువజాలని పదునాలుగేండ్ల బాలునిగూర్చి వైద్యపత్రికలో వ్రాసినది 1896లో. అప్పటికి విల్సన్ సుమారు నలువదేండ్లవాడు. పేరు తెలియని కాలమున ఆ తండ్రి యేమి చేసెననునదియే మనము విచారింపదగినది.

మొదటిది, ఆయన చదువు వచ్చువరకు జ్ఞానము నాపియుంచలేదు. ఆ యింట సాయంకాలములందు పెద్దలు గట్టిగా చదువుచుండగా పిల్లలు వినెడివారు. సర్ వాల్టరు స్కాటు, డికెన్సు మున్నగువారి నవలలు టామీకి కంటిద్వారమున గాక చెవిద్వారమున చేరెను. అక్షరము రాని బాలుని మనస్సులో మంచి వాక్యముల నడక నిండియుండెను. చదువు రానివానికి కథలెందులకని ఆ తండ్రి తలంపలేదు.

రెండవది, ఆయన కుమారుని వెంటబెట్టుకొని ఊరిలోని పనిశాలలకు పోయెడివాడు. ప్రత్తిగింజలు తీయు యంత్రము, పిండిమర, ఇనుము పోతపోయు కార్ఖానా మున్నగునవి చూపి, ఏది దేనిచే కదలుచున్నదో తెలియజెప్పెడివాడు. ఇంటికి రాగానే చూచినదానిని మరల తనకు చెప్పుమనెడివాడు. చెప్పుటలో వరుస తప్పినచో నాపి ప్రశ్నించెడివాడు. ముందేమి జరిగెను, దానివలన నేమి కలిగెను, కడపట నేమి మిగిలెను అను క్రమము బాలుని నోటిలో కుదురుకొనెడిది. మర తిరుగునప్పుడు గింజ ముందు, పిండి తరువాత, చెప్పుటలోను అంతే. కంటికి కనబడు క్రమమును మాటలలోనికి తెచ్చుట నేర్చినవానికి, కంటికి కనబడని తలపులకు క్రమము కల్పించుట కష్టము కాదు.

మూడవది, అటుపిమ్మటనే వ్రాత. బాలుడు వ్రాసి తెచ్చినదానిని తండ్రి చదివి, అస్పష్టముగానున్న వాక్యమువద్ద నాగి, దీని భావమేమని యడిగెడివాడట. బాలుడు నోటితో వివరించెడివాడు. నోటితో చెప్పినది తేటగా నుండెడిది. అయినచో ఆ మాటలనే యేల వ్రాయవు, పోయి వ్రాయుమని మరల పంపెడివాడు. ఇట్లు రెండుమూడు మారులు తిరిగినపిమ్మట వ్రాసినది చెప్పినదానికి సమానమగుచుండెను. ఇందలి కిటుకును మా తోటి యుపాధ్యాయులు గమనింతురుగాక. తండ్రి తప్పులను లెక్కింపలేదు. తన వాక్యము వ్రాసి యీయలేదు. బాలుని నోట నున్న మంచి వాక్యమునే బయటికి లాగి, అది నీదే, దానినే వ్రాయుమనెను.

నాలుగవది, ఇరువురును కూర్చుండి పేరుగాంచిన రచయితల వాక్యములను తీసికొని, వీనిని ఇంకను తేటగా చెప్పవచ్చునా యని మార్చి చూచెడివారు. అచ్చయిన వాక్యము దైవలిఖితము కాదనియు, ఎంతవారి వ్రాతయైనను దిద్దుటకు లోబడినదే యనియు బాలునికి తెలిసెను. తన వ్రాత దిద్దబడినప్పుడు సిగ్గుపడవలసిన పనిలేదని అందుచే గ్రహించెను.

ఈ తండ్రి దోషరహితుడని మా యభిప్రాయము కాదు. ఆయన నాలుక పదునైనది. ఎగతాళి మాటలతో ఇంటివారిని నొప్పించుటయు కలదు. అట్టి మాటలు ఇట్టి పిల్లలకు విషము. అయినను తన కుమారునిలో బుద్ధి గలదను నమ్మకమును ఆయన యెన్నడును విడువలేదు. కుమారుడును జీవితాంతమువరకు తనకు దొరికిన గురువులలో తండ్రియే మొదటివాడని చెప్పుకొనుచుండెను.

టామీ బాల్యమున ఒక ముచ్చట గలదు. ఆగస్టాలో అతడును స్నేహితులును ఒక బేస్‌బాల్ సంఘము పెట్టుకొని, బోధకుని యింటి గుఱ్ఱపుసాలమీది గడ్డి అటకలో సమావేశమయ్యెడివారు. టామీ దానికధ్యక్షుడు. సంఘమునకు నిబంధనలేర్పరచి, ఎవరు ముందు మాటలాడవలెను, తీర్మానమెట్లు ప్రవేశపెట్టవలెను అనునవి శాసనసభ పద్ధతిలో నడిపించెడివాడు. పుస్తకము చేతబట్టినప్పుడు తడబడు బాలుడు, మాటలకు వరుస కల్పించు పనిలో అందఱికంటె ముందుండెను.

1870లో కుటుంబము దక్షిణ కరోలినా రాష్ట్రమందలి కొలంబియా పట్టణమునకు పోయెను. తండ్రి అచ్చటి వేదాంత కళాశాలలో నధ్యాపకుడాయెను. అక్కడనే, సుమారు పదునారేండ్ల ప్రాయమున, విల్సన్ తన కష్టమునకు తానే యొక సాధనము వెదకికొనెను. అది గ్రాహాము అను నతని షార్ట్‌హ్యాండు లిపి. గురువు లేక, ప్రకటనలును పుస్తకములును చూచి, పట్టుదలతో నభ్యసించెను. తలపు వేగమును చేయి అందుకొనజాలదను బాధ ఆ లిపిచే తగ్గెను. అది మొదలు ఆయన నోట్సును చిత్తుప్రతులును పెక్కు ఆ గీతలలోనే యుండెను. ఆయన మరణానంతరము ఆ గీతలను చదువగలవారు దొరకుటయే గగనమాయెను. 1966 మొదలు 1994 వరకు 69 సంపుటములుగా వెలువడిన ఆయన పత్రములను ప్రకటించినవారు, ఆ లిపిని చదివించుటకై ప్రత్యేకముగా నిపుణుని నియమింపవలసివచ్చెను.

1873లో డేవిడ్సన్ కళాశాలలో చేరి, ఆరోగ్యము చెడి, ఏడాదిలో తిరిగివచ్చెను. 1875లో ప్రిన్స్‌టన్ కళాశాలలో ప్రవేశించి 1879లో పట్టభద్రుడాయెను. తరగతిలో మొదటివాడెన్నడును కాడు. కాని వక్తృత్వ సభలలో పేరుపొందెను. స్నేహితులను కూర్చి, తానే నిబంధనలు వ్రాసి, చర్చాసంఘము నొకదానిని స్థాపించెను. విద్యార్థుల పత్రికకు సంపాదకుడాయెను. విద్యార్థిగా నుండగనే అమెరికా పరిపాలనా విధానమునుగూర్చి వ్రాసిన వ్యాసము 1879లో ఒక గొప్ప పత్రికలో నచ్చుపడెను. ఆ వ్యాసము నంగీకరించిన సంపాదకుడు హెన్రీ కాబట్ లాడ్జి. నలువదేండ్ల పిమ్మట ఆ లాడ్జియే సెనేటులో ఆయనకు ప్రధాన ప్రతిపక్షియై నిలుచుట ముందు చూతము.

అనంతరము న్యాయశాస్త్రము చదివి, అట్లాంటాలో కొంతకాలము వకీలుపని చేసి, అది రుచింపక 1883లో బాల్టిమోరునందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున చేరెను. ఆ సంవత్సరమే టైపురైటరు నొకదానిని కొనెను. ఆ యంత్రము అప్పటికి క్రొత్తది. పండితులు దానిని గుమాస్తాల పనిముట్టుగా నెంచుచుండిరి. విల్సన్‌కు అది మఱియొక చేయి యాయెను. 1885లో ఆయన ప్రథమ గ్రంథము, అమెరికా కాంగ్రెసు పరిపాలననుగూర్చినది, వెలువడి కీర్తి తెచ్చెను. 1886లో డాక్టరు పట్టము నొందెను. నేటివరకు అమెరికా అధ్యక్షులలో ఆ పట్టము గలవాడు ఆయన యొక్కడే. 1885లో వివాహమాడిన ఎల్లెన్ ఆక్సన్ భర్తకు తోడుపడుటకై జర్మను భాష నభ్యసించి, ఆ భాషాగ్రంథముల సారమును తీసి యిచ్చెడిది. సహాయము పుచ్చుకొనుట చిన్నతనమని ఆయన తలంపలేదు.

బ్రిన్ మార్, వెస్లియన్ కళాశాలలలో బోధించి, 1890లో ప్రిన్స్‌టన్‌లో ఆచార్యుడై, అచిరకాలముననే విద్యార్థులకు మిక్కిలి ప్రియుడాయెను. 1896లో ఆయన కుడిచేతికి పట్టు తప్పెను. అది మెదడు రక్తనాళముల వ్యాధికి తొలి సూచన యని తరువాతి వైద్యులలో పలువురు తలంచిరి. వ్రాయుటయే వృత్తియైనవానికి ఇంతకంటె నాపద యేమి? ఆయన కొలది వారములలోనే ఎడమచేతితో చక్కగా వ్రాయ నేర్చెను. బాల్యమున ఒకమారు అక్షరములతో పోరాడినవాడు, నలువదవ యేట రెండవమారు పోరాడి గెలిచెను.

1902లో ఆయన ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడాయెను. అచ్చట ఆయన చేసిన సంస్కారములలో ఒకటి మా ప్రస్తుతాంశమునకు మిక్కిలి సమీపమైనది. విద్యార్థులు ఉపన్యాసములు విని, కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి మఱచుచున్నారని గ్రహించి, 1905లో సుమారు ఏబదిమంది యువ బోధకులను నియమించెను. వారు నలుగురైదుగురు విద్యార్థులను చేర్చుకొని, చదివినదానినిగూర్చి సంభాషించి, వారిచేత తమ మాటలలో చెప్పించెడివారు. ఆగస్టాలో పిండిమర చూచివచ్చి తండ్రి యెదుట నిలిచిన బాలుని విద్యయే పెద్ద విశ్వవిద్యాలయమున నొక పద్ధతిగా వెలసెనని మాకు తోచుచున్నది.

1910లో న్యూజెర్సీ రాష్ట్రమునకు గవర్నరుగా నెన్నుకోబడి, 1912 ఎన్నికలో గెలిచి, 1913 మార్చి 4న అమెరికా అధ్యక్షపదవి నధిష్ఠించెను. 1800వ సంవత్సరము తరువాత అధ్యక్షులు కాంగ్రెసునకు తమ సందేశములను వ్రాసి పంపుటయే గాని స్వయముగా పోయి మాటలాడుట మానివేసిరి. విల్సన్ 1913 ఏప్రిల్ 8న కాంగ్రెసు సభ యెదుట నిలిచి తన సందేశమును తానే వినిపించెను. ఆ యేడే సుంకముల తగ్గింపు చట్టమును, ఫెడరల్ రిజర్వు బ్యాంకుల చట్టమును ఆమోదింపబడెను.

ఆయన ఉపన్యాసములను సిద్ధపరచు విధమును విద్యార్థులు శ్రద్ధతో వినవలెను. మొదట చెప్పవలసిన యంశములను చిన్న కాగితముమీద ఒక్కొక్క మాటగా వ్రాసికొనెడివాడు. పిదప వానికి వరుస యేర్పరచెడివాడు. అటుతరువాత షార్ట్‌హ్యాండులో చిత్తు వ్రాసి, కడపట తన టైపురైటరుమీద తానే అచ్చుకొట్టెడివాడు. మేధావియైన దేశాధ్యక్షుడే నాలుగు మెట్లెక్కి వ్రాయుచుండగా, మనము ఎనిమిదవ తరగతి బాలునికి శీర్షిక మాత్రమే యిచ్చి, నలువది నిమిషములలో ఒక్క యెగురున వ్యాసమును దింపుమనుట న్యాయమా?

1914లో ఐరోపాలో మహాసంగ్రామము ప్రారంభమాయెను. ఆ యాగస్టులోనే ఎల్లెన్ మరణించెను. 1915లో ఈడిత్ బోలింగ్ గాల్ట్ అను నామెను ఆయన వివాహమాడెను. మూడేండ్లు అమెరికాను యుద్ధమునకు దూరముగా నుంచి, కడకు 1917 ఏప్రిల్ 2న యుద్ధప్రకటనకై కాంగ్రెసును కోరెను. ప్రజాస్వామ్యమునుగూర్చి ఆయన పలికిన పలుకులు మన దేశమువరకును వచ్చెను. అప్పటి తెలుగు జిల్లాలు చేరియున్న మద్రాసు రాజధానిలో హైకోర్టు న్యాయాధిపతిగా నుండి విరమించిన సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యరుగారు, భారతదేశమునకు స్వపరిపాలన కావలెనని ఆ సంవత్సరమే విల్సన్‌కు లేఖ వ్రాసిరి. దానిపై బ్రిటిషు ప్రభువులు ఆగ్రహింపగా అయ్యరుగారు సర్ బిరుదమును త్యజించిరి.

1918 జనవరి 8న విల్సన్ కాంగ్రెసునందు ప్రకటించిన పదునాలుగు సూత్రములు ఆయన వ్రాతకు మేలైన యుదాహరణము. ప్రపంచమున సగము దేశములు యుద్ధమున చిక్కియుండెను. ప్రతి దేశమునకును ఒక కోరిక, ఒక తగవు. పండితులు సేకరించి యిచ్చిన నివేదిక యెదుటనుండెను. ఆయన తన స్నేహితుడు కర్నల్ హౌసుతో కూర్చుండి ఆ చిక్కుడుముడిని ఎట్లు విప్పెననగా, అందఱికిని వర్తించు సామాన్య విషయములను ముందుంచెను: రహస్యసంధులు లేకుండుట, సముద్రయానమునకు స్వేచ్ఛ, వర్తకమునకు అడ్డంకులు తగ్గించుట, ఆయుధములు తగ్గించుట, వలసరాజ్యముల తగవులు న్యాయముగా తీర్చుట అను నైదు. తరువాత రష్యా, బెల్జియము మొదలు పోలండు వరకు దేశముల విషయములు ఎనిమిది. కడపట, వీనినన్నిటిని కాపాడుటకు నానాజాతి సమితి యొకటి. సామాన్యము ముందు, విశేషము తరువాత, రక్షణోపాయము చివర. ఆ వరుస యుండుటచేతనే అంత పెద్ద విషయమును సామాన్య జనులును జ్ఞప్తియందుంచుకొనగలిగిరి.

ఆయన ఘనతను చెప్పి దోషములను దాచుట విద్యార్థులకు మేలు కాదు. ఆయన ప్రభుత్వ కాలముననే వాషింగ్టను కార్యాలయములలో నల్లజాతి యుద్యోగులను తెల్లవారినుండి వేఱుచేసిరి. 1914లో ఆ జాతి ప్రతినిధులు వచ్చి మొఱపెట్టుకొనగా, విల్సన్ కోపించి పంపివేసెను. 1919 ఏప్రిల్‌లో పారిసు సభలో జాతుల సమానత్వమును సమితి నిబంధనలలో చేర్పుమని జపాను కోరగా, అధికసంఖ్యాకులు సమ్మతించినను, ఏకగ్రీవము లేదని అధ్యక్షస్థానమునుండి ఆయన త్రోసివేసెను. స్వయంనిర్ణయాధికారమను మాటను నమ్మిన ఆసియా దేశములకు నిరాశయే మిగిలెను. ఈ కారణములచే 2020లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము తన రాజనీతి విద్యాలయమునకుండిన ఆయన పేరును తొలగించెను. ఇతరులు చెప్పునది ఓపికతో వినుటవలన బాగుపడినవాడు, ఇతరుల మొఱను వినవలసినప్పుడు వినలేదు.

1919 జూన్ 28న వెర్సాయిల్సు సంధిపత్రముపై చేవ్రాళ్లు జరిగెను. కాని అమెరికా సెనేటులో లాడ్జి నాయకత్వమున ప్రతిఘటన లేచెను. విల్సన్ ఏ మార్పునకును సమ్మతింపక, ప్రజలకే చెప్పుకొందునని సెప్టెంబరులో రైలెక్కి, సుమారు 8,000 మైళ్లు తిరిగి యుపన్యసించెను. 25వ తేదీన ప్యూబ్లో పట్టణములో మాటలాడినపిమ్మట ఆయన శరీరము కూలెను. అక్టోబరు 2న పక్షవాతమువచ్చి ఎడమప్రక్క చచ్చుపడెను. 1919 నవంబరులోను, 1920 మార్చిలోను సెనేటు సంధిని త్రోసిపుచ్చెను. ఆయన కల్పించిన సమితిలో ఆయన దేశమే చేరలేదు. 1919వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమానము మాత్రము ఆయనకు లభించెను.

1921లో పదవి ముగిసినపిమ్మట వాషింగ్టనులోనే యొక యింట విశ్రమించెను. అచ్చట ఆయనకు ఒక వ్యాసము వ్రాయవలెనను కోరిక కలిగెను. చూపు మందగించెను, చేయి సహకరింపదు, తలపులు నిలువవు. రాత్రులయందు ఒక్కొక్క వాక్యము చెప్పుచుండగా భార్య ఈడిత్ వ్రాసికొనెడిది. నెలలు గడచినను అది కొలది పుటలే యాయెను. చూచిన మిత్రులు దానిని సవరింపవలెనని చెప్పగా ఆయనకు బాధ కలిగెను. అయినను సవరణ కొప్పుకొనెను. 1923 ఆగస్టులో అది యొక మాసపత్రికలో ప్రచురింపబడెను. ఆరంభమున తండ్రి యెదుట నిలిచి నోటితో చెప్పినవాడు, అంత్యమునను నోటితో చెప్పియే తన కడపటి రచనను ముగించెను. 1924 ఫిబ్రవరి 3న మరణించెను.

ఈ జీవితమును చదివి, చదువు రానివారెల్లరు దేశాధ్యక్షులగుదురని యెవరును భ్రమపడవలదు. విల్సన్‌కు విద్యావంతుడైన తండ్రియు, తీరికయు, పుస్తకములును ఉండెను. మన పిల్లలలో పెక్కుమందికి అవి లేవు. కావుననే ఆ తండ్రి చేసిన పని యిచ్చట బడి చేయవలసియున్నది.

మేమిప్పుడు చేయుచున్న విధమును చెప్పెదము. మా యూరి చెఱువు అను వ్యాసమీయవలసినచో, ముందుగా పిల్లలను చెఱువు కట్టకు తీసికొనిపోదుము. తిరిగివచ్చి, వ్రాత కష్టమైన బాలుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చెప్పుమందుము. అతడు చెప్పిన ప్రతి సంగతికిని ఒక చీటీ. దానిమీద ఒకటి రెండు మాటలే: ఎక్కడ నున్నది, నీరెటునుండి వచ్చును, ఎవరికి ఉపయోగము, నేను ఈతకొట్టిన దినము. ఆ చీటీలను బల్లమీద పఱచి, ఏది ముందు, ఏది వెనుక యని అతడే పేర్చును. పేర్చినతరువాత ఒక్కొక్క చీటీకి రెండు వాక్యములు నోటితో చెప్పి, చెప్పినదానినే వ్రాయును. అక్షరదోషములను ఆ దినము ముట్టము; మఱునాడు, వానిలో రెండు మూడింటిని మాత్రమే తీసికొని దిద్దుదుము. ఎఱ్ఱసిరా వాడము. ఇట్లు వ్రాయు పిల్లలు మొదట ఎనిమిది వాక్యములు వ్రాసినను, ఆ యెనిమిదియు వరుసతో నుండును, చదివినవారికి అర్థమగును.

తల్లిదండ్రులకు మా మనవి రెండు మాటలు. మీ బిడ్డకు చదువు రాకున్నను కథలు చెప్పుట మానకుడు. సంతకు పోయివచ్చినపుడు ఏమి చూచితివని యడిగి, తుదివరకు వినుడు. ప్రక్కయింటి పిల్లలతో పోల్చి నొప్పింపకుడు. కష్టము విడువకున్నచో ప్రధానోపాధ్యాయునితో మాటలాడి పరీక్ష చేయింపుడు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టమున డిస్లెక్సియా స్పష్టముగా చేర్చబడినది. ధ్రువపత్రమున్నచో బోర్డు పరీక్షలలో అధిక సమయము, వ్రాతగాని సహాయము మున్నగు సదుపాయములు కోరవచ్చును.

విద్యార్థులారా, మీ తరగతిలో తడబడుచు చదువు స్నేహితుడున్నచో నవ్వకుడు. అతడు చెప్పునది వినుడు. మేము ఒకప్పుడు వినియు వినని వారమైతిమి. తుపానురాత్రినిగూర్చి అంత చక్కగా చెప్పిన యా బాలుడు నేడెక్కడనున్నాడో మాకు తెలియదు. ఆనాడు నాలుగు చీటీలు అతని చేతికిచ్చియుండినచో ఆ కథ కాగితముమీద నిలిచియుండెడిది.